దసరాకు పూసిన మోదుగు

ఫిబ్రవరి 20

పోయినేడు మొదలుపెట్టిన డైరీని అత్తమ్మ పొయ్యి ముట్టించడానికి వాడుకుంది. "రాసిన కాయితం జల్ది అంటుకుంటది బిడ్డా" అని మెచ్చుకుంది కూడా. అందుకని ఈసారి దీన్ని జాకెట్ ముక్కల సంచి అడుగున దాస్తున్నాను. నా కుట్టుమిషన్ జోలికి ఆమె రాదు. దానికి కరెంటు మోటారు ఉందని భయం.

ఇంకో మాట. ఇందులో పుస్తకాల భాషే రాస్తాను. నోటికొచ్చినట్టు రాస్తే డైరీలా ఉండదు, అత్తమ్మ తిట్టినట్టు ఉంటుంది.

ఇవాళ ఊరంతా పసుపు ఉడికే వాసన. కుట్టిన జాకెట్లు ఇచ్చి వస్తుంటే గుట్ట కింద మోదుగు కనిపించింది. రోజూ చూసే చెట్టే. చుట్టుపక్కల చెట్లన్నీ ఆకులు రాల్చుకుని మొహాలు వేలాడేసుకుంటే ఇదొక్కటే ఒంటినిండా పూసింది. ఇంటికొచ్చి చేతులు కడుక్కోకుండానే రాసుకున్నాను:

ఊరంతా పసుపు ఉడకబెడుతుంటే
అడవంతా ఆకులు రాల్చుకొని
దిగులుగా కూర్చుంటే
మోదుగు ఒక్కతే
ఎవరేమనుకుంటే నాకేమని
ఎర్రచీర కట్టింది.

నా గొంతుతోనే చదివి వాట్సాప్‌లో మస్కట్ పంపాను. మా ఆయన రాంచందర్ గంట తర్వాత బొటనవేలి బొమ్మ పంపాడు.

మా పెళ్ళయి పద్నాలుగేళ్ళు. అందులో పన్నెండేళ్ళుగా ఆయన అక్కడే. రెండేళ్ళకోసారి మే నెలలో వస్తాడు. మామిడిపండ్లు తిని, పెళ్ళిళ్ళు తిరిగి, హాస్టల్ నుంచి వచ్చిన మా అమ్మాయి నవ్యశ్రీకి రెండు డ్రెస్సులు కొనిచ్చి, వాన పడకముందే వెళ్ళిపోతాడు. మా ఊరికి ఎండాకాలం ఒక్కటే ఉందని ఆయన అనుకుంటే తప్పేం లేదు. అందుకే మిగతా కాలాలన్నీ నేను ఇలా కవిత కట్టి పంపుతుంటాను. ఇన్నేళ్ళలో వచ్చిన బొటనవేళ్ళను వరసగా పేరిస్తే వాటి మీద నడిచి గోదారి దాటవచ్చు.

ఫిబ్రవరి 21

ఇంకో బొటనవేలు వచ్చింది. పొరపాటున నొక్కి ఉంటాడు.

ఏప్రిల్ 2

ముందు జరిగింది జరిగినట్టు రాస్తాను.

అనసూర్య జాకెట్ కొలతకు వచ్చింది. వాళ్ళాయన సదానందం, మా ఆయన ఒకే క్యాంపులో ఉంటారు, ఒకే గదిలో వండుకుంటారు. నేను టేపు పట్టుకుని ఆమె భుజం కొలుస్తుంటే, "అక్కా, మీ ఆయన గింత కవి అని ఎన్నడు చెప్పకపోతివి" అంది.

"ఎవలు?"

"గిదేంది, తెల్వదా? ఉగాదికి అక్కడ మనోళ్ళంత కలిసి కవి సమ్మేళనం పెట్టిండ్రు. మీ ఆయనే ఫస్టు." ఫోన్ తీసి చూపించింది.

వేదిక మీద మా ఆయన. తెల్ల లాల్చీ. అది ఎవరిదో మరి, చేతులు పొడుగయ్యాయి. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు, "ఊరంతా పసుపు ఉడకబెడుతుంటే..." ఒక్క మాట పొల్లుపోకుండా చదివాడు. నేను ఆగిన చోటే ఆగాడు. ఎర్రచీర దగ్గర నేను కొంచెం నవ్వుతాను, ఆ నవ్వు కూడా నవ్వాడు. చప్పట్లు. శాలువా. "గోదావరి ముద్దుబిడ్డ, మన ధర్మపురి కవి" అని మైకులో ఎవరో అన్నారు.

"ఎంత మంచిగ చెప్పిండో. ఆడోళ్ళ మనసు తెల్సినోడు" అంది అనసూర్య.

ఆమె ఎడమ చెయ్యి కొలత రెండుసార్లు తీసి రెండుసార్లూ తప్పు రాసుకున్నాను. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఏమిటో బడిలో చదువుకున్నాను గానీ, ఇంత దగ్గర నుంచి చూడలేదు.

అత్తమ్మ ఆ వీడియోను సాయంత్రం దాకా పెట్టించుకుని చూసింది. "చిన్నప్పటి సంది గిట్లనే, మావోని నోట్ల సరస్వతి ఉన్నది" అని కళ్ళు తుడుచుకుంది. ఆ సరస్వతి పక్కనే నిలబడి ఆమెకు టీ పోసింది.

నాకు పేరు మీద ఆశ లేదు. రాసిపెట్టుకుంటున్నాను.

ఏప్రిల్ 3

నాకు పేరు మీద ఆశ లేదు.

ఏప్రిల్ 6

ఆయన ఫోన్ చేశాడు. "తిన్నవా?" "తిన్న." "అవ్వ మంచిగున్నదా?" "ఉన్నది." "ఈ నడుమ ఏం రాయలేదా?" "మిషన్ మీదికెల్లి లేవబుద్ధయితలేదు." "గట్లనా" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

వీడియో సంగతి అడగలేదు. అడగాలంటే కోపం ఉండాలి. నాకు కోపం లేదు.

జూన్ 9

మృగశిర వచ్చింది. మొదటి వాన. మట్టి వాసనకు మిషన్ ఆపి బయటికి వచ్చి నిలబడ్డాను. మంచి కవిత వచ్చింది, నిజంగా మంచిది. మస్కట్ పంపలేదు. ఎవరికో ఒకరికి చెప్పకపోతే కడుపు ఉబ్బుతుందని అత్తమ్మకు చదివి వినిపించాను.

అంతా విని, "వాన పడ్డదని నాకు గూడ తెల్సు గద" అంది.

జూన్ 14

ఇంకో వీడియో. పోయినేటి నా వాన కవితకు ఇంకో శాలువా. పాత వాయిస్‌లన్నీ దాచి పెట్టుకున్నాడన్నమాట. నేను కవితలు పంపడం మానేస్తే ఆయన కవిత్వం ఎండిపోతుందనుకున్నాను. పన్నెండేళ్ళ సరుకు ఉందని మరిచిపోయాను. మక్కజొన్నలు నిల్వ పెట్టినట్టు పెట్టాడు.

సెప్టెంబర్ 12

ఆయనే ఫోన్ చేసి అడిగాడు. "మమతా, బతుకమ్మ మీద ఒకటి చెప్పరాదు. దసరా ముచ్చట. వినాల్నని ఉన్నది."

వినాలని ఉందట. అక్కడ ఇరవై ఆరో తారీకు శుక్రవారం నాడు బతుకమ్మ ప్రోగ్రాం ఉందని అనసూర్య ముందే చెప్పింది. హాలు నిండా మనోళ్ళే ఉంటారట. ధర్మపురి, జగిత్యాల, సుల్తానాబాద్, కొండగట్టు దిక్కు వాళ్ళు. అందరూ ఈ మట్టి మీద పుట్టినవాళ్ళే.

"జర టైమ్ ఇయ్యి" అన్నాను, చాలా మర్యాదగా.

సెప్టెంబర్ 14

పంపాను. ఇన్నేళ్ళలో ఇంత సంతోషంగా ఏదీ రాయలేదు. రాస్తున్నంతసేపు నవ్వుకుంటుంటే అత్తమ్మ వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

దసరా వచ్చింది
మోదుగు పూసింది.
గోదారి ఎండి ఇసుక మెరిసింది.
తంగేడు దొరకక
మల్లెపూలతో బతుకమ్మ పేర్చినం.
మామిడి పూతలో కూర్చొని
పాలపిట్ట తునికి పండు తిన్నది.

ఇందులో ఒక్క ముక్క నిజం లేదు. మోదుగు హోలీకి పూస్తుంది. గోదారి ఇప్పుడు రెండు ఒడ్లూ కలిపి పారుతోంది. మల్లెలు ఎండాకాలానివి, మామిడి పూత చలికాలానిది, తునికి పండు మే నెలది. పాలపిట్ట పురుగులు తింటుంది, పండ్ల జోలికి పోదు. అదొక్కటి అవసరం లేకపోయినా పెట్టాను. చెయ్యి ఆగలేదు.

మేకలు కాసే పిల్లగాడు కూడా దీన్ని వింటే పడీ పడీ నవ్వుతాడు. ఇక హాలు నిండా మనోళ్ళు. చదవనీ. శాలువా కప్పుకుని చదవనీ.

సెప్టెంబర్ 15

బొటనవేలు రాలేదు. ఎప్పుడూ గంటలో వస్తుంది.

సెప్టెంబర్ 16

వచ్చింది. చాలా ఆలస్యంగా. డ్యూటీలో ఉండి ఉంటాడు.

సెప్టెంబర్ 26

ఇవాళే ప్రోగ్రాం. మూడు జాకెట్లకు హుక్కులు తిరగేసి కుట్టాను. పాపం, నవ్వుతారేమో. నవ్వాలి. పాపమేం లేదు.

సెప్టెంబర్ 27

ఎవరూ నవ్వలేదు.

అనసూర్య పొద్దున్నే ఫోన్ పట్టుకుని వచ్చింది. వీడియో చూశాను. ఆయన చదివాడు. "మోదుగు పూసింది" దగ్గర ఆగి, తలెత్తి హాలు వైపు చూశాడు. ఎవరో ఆహా అన్నారు. "పాలపిట్ట తునికి పండు తిన్నది" దగ్గర మళ్ళీ ఆగి చూశాడు. చప్పట్లు. ముందు వరసలో ఒక పెద్దాయన కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. సుల్తానాబాద్ గంగయ్య అని అనసూర్య చెప్పింది. అందరికంటే ముందు మస్కట్ వెళ్ళినవాడట.

"అక్కా, మా ఆయన రాత్రి ఫోన్ జేసి ఒకటే అడుగుడు. మన బాయికాడి మోదుగు గూడ పూసిందా అని. నేను లేదన్న. 'నువ్వు ఇల్లు దాటి చూస్తె గద తెలిసేది, రాంచందరన్న ఊకెనే రాస్తడా' అని నన్నే కోప్పడ్డడు. ఈ నడుమ కాలాలన్నీ తప్పినయ్, టీవీల గూడ చెప్తుండ్రు అని అక్కడోళ్ళంత అనుకుంటుండ్రట."

అరుగు మీద కూర్చుని అత్తమ్మ అంతా వింది. "దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యుమన్నట్టున్నది వీళ్ళ కథ" అంది. తర్వాత గుర్తొచ్చి, "గని మావోడు చదివిన తీరు మంచిగున్నది" అంది.

నాకు నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో తెలియదు. నేను గెలవలేదు, సరే, అది కాదు. అంతమంది మగవాళ్ళు. చిన్నప్పుడు వీళ్ళంతా తంగేడు కోసం గుట్టలెక్కినవాళ్ళే కదా.

సెప్టెంబర్ 30

సద్దుల బతుకమ్మ. తంగేడు, గునుగు, బంతి. బతుకమ్మను నీళ్ళలో విడిచి ఇంటికి వచ్చేసరికి ఫోన్.

"మమతా, లీవ్ దొరికింది. పదో తారీకు వస్తున్న."

"ఇప్పుడా? ఎందుకు?"

"మోదుగు పూసింది గద. చూడాలె."

ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు చెవి దగ్గరే పట్టుకుని ఉన్నాను.

అక్టోబర్ 3

ఏం చెయ్యాలి? నిజం చెప్పేస్తే సరి. కానీ చెబితే, నీ పరువు తీద్దామనుకున్నానని చెప్పాలి. అది చెబితే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెబితే నాకు పేరు మీద ఆశ ఉందనుకుంటాడు.

శాటిన్ గుడ్డ ఉంది, నారింజ రంగుది, మోదుగు రంగుకు దగ్గర. పూలు కుడుతున్నాను. అత్తమ్మ చూసి, "ఎవల పెండ్లి?" అని అడిగింది. అమ్మవారికి అన్నాను.

నాకు పిచ్చి పట్టలేదు. దూరం నుంచి చూస్తే చాలు, దగ్గరికి పోకుండా నేను ఆపుతాను.

అక్టోబర్ 6

తెల్లవారక ముందే పోయి గుట్ట కింది చెట్టుకు కట్టి వచ్చాను. అందిన కొమ్మలకే కట్టాను. చెట్టు నిండా ఆకులు, విస్తళ్ళు కుట్టుకోవచ్చు. పూలు ఆకుల చాటున పడ్డాయి. ఎంత దూరం నుంచి చూసినా మోదుగు పూసినట్టు లేదు, చెట్టు మీద ఎవరో జాకెట్లు ఆరేసినట్టు ఉంది.

అక్టోబర్ 7

పోయి చూస్తే చెట్టు మొదట్లో పసుపు కుంకుమ ఉన్నాయి. ఆ మెట్టచెలక లస్మవ్వది, ఆమె అక్కడే ఉంది. "ఎవలో మొక్కు గట్టిండ్రు బిడ్డా, రాత్రికి రాత్రి. ఊకె గడతరా? ఏదో మహిమ ఉన్నది" అని నాకే చెప్పి, నా చేతిలో ఇంత కుంకుమ పెట్టింది.

పెట్టుకున్నాను. ఏం చెయ్యను.

అక్టోబర్ 9

చెట్టు కింద కొబ్బరి చిప్పలు, ఊదుబత్తులు, గాజులు. నా పూల పక్కన పసుపు గుడ్డలో కట్టిన ముడుపులు. పక్క ఊరి నుంచి ఇద్దరు ఆడవాళ్ళు ఆటో దిగారు. అందరికంటే పెద్ద ముడుపు మా ఇంటి చీర పేలికతో కట్టి ఉంది.

ఇంటికొచ్చి అత్తమ్మను అడిగాను. "నా కొడుకు పైలంగ రావాల్నని మొక్కిన. తప్పా?" అంది.

ఇప్పుడు ఆ పూలు విప్పుదామన్నా ఊరు ఊరుకోదు.

అక్టోబర్ 10

వచ్చాడు. చిక్కిపోయాడు. గుమ్మంలోనే అత్తమ్మ రెండు చేతులతో బుగ్గలు పట్టుకుంది. లీవ్ ఎలా దొరికిందంటే, "అవ్వకు మస్తు బాగలేదని చెప్పిన" అన్నాడు. అప్పటినుంచి అత్తమ్మ అలిగి, తనకేం కాలేదని చూపించడానికి నీళ్ళ బిందెలన్నీ తనే మోస్తోంది.

అక్టోబర్ 11

పొద్దున్నే, "నడువు, మోదుగు చూద్దాం" అన్నాడు.

దారి పొడుగునా అబద్ధాలు కూడబెట్టుకున్నాను. మొన్నటి గాలికి రాలిపోయాయి. మేకలు మేశాయి. చెట్టు దగ్గర ఎవరో తల్లి బిడ్డను ఎత్తుకుని ప్రదక్షిణం చేస్తోంది. ఆయన చెప్పులు విడిచి, దండం పెట్టి, ఆమె వెళ్ళిందాకా ఆగాడు. తర్వాత ఒక శాటిన్ పువ్వును పట్టుకుని తిప్పి చూశాడు.

"మోదుగమ్మ ఎప్పుడు వెలసింది?"

"నేనే కట్టిన" అన్నాను. నోట్లో ఉన్న అబద్ధాలన్నీ ఎటు పోయాయో.

"తెల్సు. నీ కుట్టు నాకు తెల్వదా."

"మోదుగు దసరాకు పూయది."

"అది గూడ తెల్సు. గీ పూలు ఉడకబెట్టి హోలీ ఆడినోన్ని. పాలపిట్ట పండు తినుడేంది, నేనేమన్న పిచ్చోన్నా?"

"తెల్సి ఎందుకు చదివినవ్?"

ఆయన చెట్టు వైపే చూస్తూ చెప్పాడు. "శుక్రవారం వండుకునేటప్పుడు నీది పెట్టుకొని ఇంటుంటి. ఏం ఇంటున్నవ్రా, మాకు గూడ వినిపియ్యి అన్నరు. నీ గొంతు పదిమంది మొగోళ్ళ నడుమ పెట్టబుద్ధి కాలే. బట్టీ పట్టి నేనే చెప్పిన. ఎవలు రాసిండ్రన్నరు. నోట్లెకెల్లి నేనే అని వచ్చింది. ఒక్కపారి అన్నంక మల్ల ఎట్ల తిరుగుత? శాలువ కప్పిండ్రు. కప్పుతె మంచిగనే అనిపించింది, అబద్ధమెందుకు.

"నువ్వు ఫోన్ల తిన్నవా అంటె తిన్న అంటవ్, ఇంకేం చెప్పవ్. గా దసరా కవిత ఇన్నంక సమజైంది, నీకు తెల్సిపోయిందని. నన్ను నవ్వులపాలు జెయ్యాల్నని రాసినవ్. సరే, అయిత అనుకున్న. ఎవడన్న లేసి 'ఏంరా రాంచందర్, దసరాకు మోదుగేంది' అంటె, గిది నా భార్య రాసింది, ఇన్ని దినాలు చదివినయన్ని ఆమెయే అని చెప్పి దిగిపోదామనుకున్న. ఆగి ఆగి చూసిన. ఒక్కడు నవ్వలే మమతా. గంగయ్య తాత ఏడ్సిండు. ఒక్కనికి యాదికి లేదు. నాకు భయమైంది. ఇంకో నాలుగేండ్లు గిట్లనే ఉంటె, నువ్వేం రాసినా నేను గూడ నిజమే అనుకుంట గద."

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తిట్టాను. ఇన్నేళ్ళు బొటనవేలు తప్ప ఒక్క మాట పంపలేదేమని అడిగాను. "నువ్వు గట్ల చెప్పినంక ఇగ నేనేమంట" అన్నాడు. అది మెచ్చుకోలని ఇంటికొచ్చాక అర్థమైంది.

ఏప్రిల్ రెండు, మూడు తారీకుల్లో రాసింది తప్పు. నాకు పేరు మీద ఆశ ఉంది. చాలా ఉంది. ఆయనతో అదే అన్నాను. నా పేరు చెప్పాల్సిందే అన్నాను. తల ఊపాడు.

అక్టోబర్ 14

ఈ మనిషి వెంట తిరిగి చంపుతున్నాడు. గునుగు దగ్గర ఆగుతాడు, మంచు పట్టిన గడ్డి దగ్గర ఆగుతాడు, గోదారి చూసి నోరు తెరుస్తాడు. "గిన్ని నీళ్ళుంటయా మన గోదాట్ల?" అంటాడు. ఇవాళ తనే సొంతంగా ఒకటి రాసి చూపించాడు:

ఓ సీతాఫలమా
నీ ఒంటి నిండ కండ్లు
ఎటు చూస్తున్నవే.

నేను బొటనవేలు చూపించాను.

అక్టోబర్ 17

శుక్రవారం. వాళ్ళకు సెలవు. సాయంత్రం మిషన్ మీద ఉండగా సదానందం ఆయనకు ఫోన్ చేశాడు. స్పీకర్‌లో గిన్నెల చప్పుడు, నలుగురి మాటలు.

"ఏమన్నా, మోదుగు చూసినవా? దీపావళి ప్రోగ్రాంకు కవిత కావాల్నంటుండ్రు. కవి ఎప్పుడొస్తడని అందరు అడుగుతుండ్రు."

ఆయన నా వైపు చూశాడు. మొహం ఎర్రబడింది. "కవి నేను గాదురా. కవి గిక్కడ జాకెట్లు కుడుతున్నది. మొదటి సంది అన్ని ఆమెయే. నేను దొంగతనం జేసిన. మాట్లాడుండ్రి" అని ఫోన్ నా చేతిలో పెట్టి, బయటికి పోయి అరుగు మీద కూర్చున్నాడు.

అటు గిన్నెల చప్పుడు ఆగింది. ఏప్రిల్ నుంచి నేను మనసులో తయారు చేసుకున్న ఉపన్యాసం ఒకటి ఉంది. అది రాలేదు.

"దసరాకు మోదుగు పూయది సదానందం" అన్నాను. "ఆయన మీది కోపంతోటి తప్పు రాసిన. మన దగ్గర కాలాలు ఎక్కడియి అక్కడనే ఉన్నయ్."

తర్వాత సదానందం గదిలోకి తిరిగి, "పూయదట" అన్నాడు. ఒకడు నవ్వాడు. ఇంకొకడు "నేను అప్పుడే అనుకున్న" అన్నాడు. "నువ్వేడ అనుకున్నవ్, చప్పట్లు గొట్టినవ్" అని మూడోవాడు. గదంతా నవ్వు. ఎవరో పాలపిట్టలా అరిచారు.

నవ్వు తగ్గాక ఒక్కొక్కరే ఫోన్ దగ్గరికి వచ్చారు. కొండగట్టు దిక్కు సీతాఫలాలు వచ్చాయా అని ఒకరు. వచ్చాయి, రోడ్డు వెంట బుట్టల్లో పెట్టి అమ్ముతున్నారని చెప్పాను. పొద్దున చలి పెడుతుందా అని ఒకరు. ఇంకా లేదు, దుప్పటి నడుము దాకా చాలు అన్నాను. గంగయ్య వంతు వచ్చింది. ఆయన గొంతు సన్నగా ఉంది.

"బిడ్డా, మా సుల్తానాబాద్ దిక్కు వరి ఏ తీరుగున్నది?"

మొన్న బస్సులో పోతూ చూసింది చెప్పాను. కంకి వంగింది, ఇంకా పచ్చగానే ఉంది, అంచులు మాత్రం పసుపు తిరుగుతున్నాయని.

"అంచులు పసుపు తిరిగినయా" అన్నాడు. ఆ మాట రెండుసార్లు అన్నాడు. తర్వాత, "నీ పేరేంది బిడ్డా?" అని అడిగాడు.

ఎవరైనా అడిగితే మమత అని చెప్పి ఊరుకుంటాను. ఇవాళ మమతారాణి అని పూర్తిగా చెప్పాను.